చేత్తో కొట్టిన మాట

పెళ్లి శుభలేఖ మీద ఉండే ఆశీర్వాదం ఎవరిది అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పిలిచే ఇంటివాళ్లదా, ముహూర్తం రాసిచ్చిన పంతులుగారిదా, అక్షరాలు పేర్చిన నాదా? నేను ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి. బందరు కోనేరు సెంటరు దగ్గర సందులో శుభలేఖల షాపు నాది. సీసం అక్షరాల రోజుల నుంచీ 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని ఈ చేతులతోనే పేరుస్తున్నాను. 'దేవుని కృపచేత' అనీ పేరుస్తున్నాను. నోటితో ఒకటి అంటూ చేత్తో ఇంకొకటి రాస్తే అది అబద్ధమవుతుందా అని ఒకసారి మా ఇమాం గారిని అడిగాను. ఆయన, "ఆ పిల్లలు చల్లగా ఉండాలని నీకుందా, లేదా?" అన్నారు. ఉందన్నాను. "అయితే వెళ్లి పని చూసుకో" అన్నారు. పని చూసుకున్నాను గానీ అనుమానం మాత్రం పోలేదు.

అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. మ్యాటర్ సిద్ధం కాగానే పార్టీని ఎదురుగా కూర్చోబెట్టుకుని కార్డు మొత్తం పైకి చదువుతాను. పేర్లు, ముహూర్తం, విందు, వేదిక, అన్నీ. చివర మనసులో ఆమీన్ అనుకుంటాను. కనీసం ఒక మనిషి నోటి మీదుగా వెళ్లిందన్న తృప్తి.

ఈ ఏడు మూఢం పోగానే ముహూర్తాలన్నీ ఒక్కచోట పడ్డాయి. రంజాను నెల కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. షాపు ముందు జనం నిలబడి ఉండగా మా ఆపరేటరు దుర్గాప్రసాద్ పని మానేసి గుడివాడలో ఫ్లెక్సీల షాపుకి వెళ్లిపోయాడు. "ఇంటికి దగ్గరండీ" అన్నాడు. అతనిది గుడ్లవల్లేరు కాబట్టి మాట నిజమే. అయినా నా మొహం చూడకుండా అన్నాడు. ఇన్నేళ్లు నాతో కలిసి పనిచేసినవాడు అలా వెళ్లడం వెనక ఇంకేదో ఉందనిపించింది.

ఆ సాయంత్రం మా కోడలు అఫ్రీన్, "నేను కూర్చుంటాను మావయ్యా" అంది. మావి తరతరాలుగా తెలుగే మాట్లాడుకునే ఇళ్లు. అఫ్రీన్ ఇంజనీరింగ్ చదివింది. మా అబ్బాయి అర్బాజ్ పోర్టు పనులకి పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు.

"ఈ సీజను వరకు కూర్చో" అన్నాను.

మొదటి రోజే ఆ పిల్ల దుర్గాప్రసాద్ వాడిన సాఫ్ట్‌వేరు పక్కన పెట్టేసి ఒక తెల్లటి పేజీ తెరిచింది. 

"ఇదేంటమ్మా, పువ్వూ లేదు, బోర్డరూ లేదు?"

"టెక్స్ట్ ఎడిటర్ మావయ్యా. ఇందులో ఉత్త అక్షరాలే ఉంటాయి. మ్యాటరంతా ఇందులో కొట్టుకుని చివర్లో కార్డులోకి పంపిస్తాను."

"నోట్‌ప్యాడేగా?"

"దానికి అక్కలాంటిది. ఇది మనం చెప్పినట్టు వింటుంది."

వినేలా చెయ్యడానికి ఆ వారమంతా కూర్చుంది. పేజీ పైన కొత్త మెనూలు వచ్చాయి. 'పెళ్లి' అన్న మెనూ తెరిస్తే కింద హిందూ, నిఖా, చర్చి. 'ఫంక్షన్లు' అన్నదాంట్లో ఓణీలు, గృహప్రవేశం. చివరన 'పెద్దకర్మ'. వాటి వెనక తను రాసిన చిన్న చిన్న స్క్రిప్టులు ఉంటాయంది. ఒక స్క్రిప్టు తేదీ చూసి వారం పేరు తనే వేస్తుంది. ఇంకొకటి మామూలు తెలుగు టైపింగుని మా కార్డుల పాత ఫాంటులోకి మారుస్తుంది. కంట్రోల్, షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎస్ నొక్కితే శ్రీరస్తు మొత్తం పడిపోతుంది. బి నొక్కితే బిస్మిల్లా పడుతుంది. దుర్గాప్రసాద్‌కి పూటంతా పట్టే పనిని ఈ పిల్ల టీ తాగే లోపల చేసి లేచేది.

వెనక నిలబడి చూసేకొద్దీ నాకు మనసు కుదరలేదు.

"ఒక్క కీ నొక్కితే పడిపోయే దీవెనకి విలువేముంటుందమ్మా? ఎవరి నోరూ అనలేదు, ఎవరి చెయ్యీ రాయలేదు."

"సీసం రోజుల్లో మీరు శ్రీరస్తు అక్షరాలు ఒకసారి పేర్చి, దారంతో కట్టి అరలో పెట్టుకునేవారంట కదా. ప్రతి పెళ్లికీ ఆ కట్టే దించేవారంట. అత్తయ్య చెప్పింది."

అది నిజమే.

"ఇంకో సంగతి చూడండి. కీతో పడిన మాట నీలంగా కనిపిస్తుంది. చేత్తో కొట్టింది నల్లగా ఉంటుంది. నీలం మాటల్లో తప్పు రాదు. నల్లవి మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి."

"అంటే చేత్తో కొట్టేవాడి మీదే అనుమానం అన్నమాట."

"నాదీ చెయ్యేగా మావయ్యా" అని నవ్వింది.

నాకు అసలు నచ్చనిది ఇంకొకటుంది. పోయినవాళ్ల పేరు ముందు 'కీ.శే.' పెడతాం కదా, దానికీ ఒక కీ పెట్టింది. అది నొక్కగానే అక్షరాలు పడవు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి 'ఇంటివాళ్లను అడిగారా?' అంటుంది. అవును అని నొక్కితేనే పడుతుంది. నా తల నెరిసింది ఈ పనిలోనే. నన్నడగడానికి ఇదెవరనిపించింది.

"నన్ను నేనే అడుక్కుంటున్నాను మావయ్యా, మిమ్మల్ని కాదు" అంది అఫ్రీన్. ఆ మాట నేను నమ్మలేదు.

అందుకే ఇఫ్తార్ వంటకి ఆ పిల్ల ఇంటికి వెళ్లాక నేను కూర్చుంటే ఆ కీల జోలికి పోయేవాణ్ణి కాదు. అక్షరం అక్షరం నా చేత్తోనే కొట్టేవాణ్ణి.

కొన్ని రోజులకి మెనూల వరసలో చిట్టచివర కొత్తగా ఒకటి కనిపించింది. దానికి పేరు లేదు. ఒక చుక్క, అంతే. నేను వెనక్కి రాగానే అఫ్రీన్ వేళ్లు ఏవో రెండు కీల మీద పడేవి, తెర మీద మామూలు కార్డు కనిపించేది. మొదటిసారి అలవాటేమో అనుకున్నాను. తరవాత కావాలనే చప్పుడు చెయ్యకుండా వచ్చి చూశాను. మళ్లీ అంతే.

"ఆ చుక్క ఏంటమ్మా?"

"ఏం లేదు మావయ్యా, ఇంకా అవ్వలేదు. ట్రయల్."

అడిగింది నేను, జవాబు చెప్పింది కీబోర్డు వైపు చూస్తూ.

అదే వారంలో పెడన నుంచి ఒకాయన కార్డుకని వచ్చి, నమూనాగా వేరే శుభలేఖ చూపించాడు. గుడివాడలో వేసింది. 'మీ రాకే మా పందిరికి నిండుదనం' అని అందులో ఉంది. ఆ వాక్యం నాది. నేను కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్నది. దుర్గాప్రసాద్ పట్టుకుపోయాడు, సరే. మరి వాడు వెళ్లాక రాసిన వాక్యాలు కూడా ఈ ఎడిటర్‌లోనే ఉన్నాయి కదా అని ఆలోచన మొదలైంది.

ఆ రాత్రి తరావీ నమాజు నుంచి రాగానే మా ఆవిడ ఖాతూన్ అంది. "కోడలు గుడివాడకి ఫోన్లు చేస్తోందండీ. మేడ మీదకెళ్లి మాట్లాడుతోంది. ప్రసాద్ అన్నా, ప్రసాద్ అన్నా అంటోంది."

"ఏం మాట్లాడుతోంది?"

"నేను మెట్ల మీద నిలబడి వినేదాన్నా ఏంటి?" అని కాసేపాగి, "సరిగా వినపడలేదు" అంది.

"మన మ్యాటరంతా వాడికి పంపుతోందేమో. ఇద్దరూ కలిసి షాపు పెడతారేమో."

"పెడితే పెట్టనివ్వండి. పెళ్లై వచ్చిన కొత్తల్లో ఆ పిల్ల షాపులో కూర్చుంటానని నోరు తెరిచి అడిగితే చూద్దాం అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. మీరు చూసేలోపల దానికి ముసలితనం వచ్చేస్తుంది."

ఖాతూన్‌కి నవ్వులాటగానే ఉంది. నాకు నిద్ర పట్టలేదు.

నాగాయలంక ఆంజనేయులు వచ్చింది ఆ తరవాతే. సముద్రం వేట కుటుంబం వాళ్లది. కూతురి పెళ్లి, పెళ్లికొడుకుది ముదినేపల్లి. కార్డులు పట్టుకెళ్లి ఇంకా వారం కాలేదు. అలాంటిది కార్డుల కట్ట చంకలో పెట్టుకుని, చెప్పులు విప్పకుండా షాపులోకి వచ్చాడు.

"అల్లావుద్దీన్ గారూ, మా నాన్నని ఎప్పుడు చంపేశారండీ?"

నాకు అర్థం కాలేదు. అతను కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మూలలకి పసుపు రాసి ఉంది. 'కీ.శే. అబ్బులు గారి మనుమరాలు' అని ఉంది.

"బతికున్నారా?" అన్నాను.

"పొద్దున్నే నన్ను తిట్టి మరీ చద్దన్నం తిన్నాడు."

"తప్పైపోయిందండీ. అన్నీ మళ్లీ వేసిస్తాను."

"మళ్లీ వేస్తే సరిపోద్దా? సగం ఊళ్లకి పంచేశాం. ముదినేపల్లోళ్లు ఏమంటున్నారో తెలుసా? పోయిన నెల తాంబూలాలప్పుడు ఈయన వాళ్ల ఎదురుగా కూర్చుని భోంచేశాడు. ఇప్పుడు కార్డులో కీర్తిశేషులన్నారు. అంటే ఈ మధ్యలోనే పోయాడు, ఏటిసూతకం ఉండగా చావు దాచిపెట్టి పిల్లని అంటగడుతున్నాం అంటున్నారు. ఫోన్‌లో మాట్లాడిస్తే ఎవరిదో గొంతు అన్నారు. వీడియో కాల్ చేస్తే ఎప్పటిదో వీడియో అన్నారు. మనిషిని తెచ్చి చూపించకపోతే తాంబూలాలు వెనక్కి పంపుతారంట."

"మరి తీసుకెళ్లి చూపించండి."

"ఆయన రాడండీ. నేను బతికున్నానని నేనే వెళ్లి రుజువు చేసుకోవాలా అంటాడు. మా పిల్ల అన్నం ముట్టట్లేదు. అసలిది ఎవరు చేశారో చెప్పండి."

ఆ మ్యాటర్ తీసుకుంది నేనే. చివర్లో కార్డులోకి పంపింది అఫ్రీన్. ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని మమ్మల్నే చూస్తోంది. తెర మీద ఆ కార్డు అప్పటికే తెరిచింది. నాకు ఆ చుక్క గుర్తొచ్చింది, గుడివాడ ఫోన్లు గుర్తొచ్చాయి.

"మా కోడలు కంప్యూటర్లో ఏవో కీలు పెట్టిందండీ. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది. చెప్తూనే ఉన్నాను, కీలతో ఆటలొద్దని."

అఫ్రీన్ ఒకసారి తెర వైపు చూసింది. తరవాత నా వైపు. ఏదో అంటుందనుకున్నాను. అనలేదు. 

"సాయంత్రానికి కొత్త కార్డులు వేసేస్తాం అన్నయ్యా" అని ఆంజనేయులుతో అంది. "రేపు పొద్దున్నే మేమే తెస్తాం."

"కార్డులు ఎవరిక్కావాలమ్మా. అయితే కంప్యూటరు చేసిందని చెప్తాను మా నాన్నకి" అని అతను వెళ్లిపోయాడు.

ఆ రోజు ఇఫ్తార్‌కి అఫ్రీన్ ఖర్జూరం తీసుకుని, నీళ్లు తాగి, ఎప్పటిలాగే అందరికీ వడ్డించింది. అర్బాజ్ ఏమైందని అడిగితే "పనెక్కువ" అంది. అంత నిమ్మళంగా ఉండటం కూడా నాకు అనుమానంగానే తోచింది. తప్పు చెయ్యకపోతే ఎదురు చెప్పేది కదా అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక ఇంటికి రాకుండా నేరుగా షాపుకి వెళ్లాను. షట్టరు సగం ఎత్తి లోపలికి దూరి కంప్యూటరు పెట్టాను. ఆ చుక్క సంగతి తేల్చుకోవాలి. గుడివాడకి ఏమేం పంపిందో చూడాలి.

ఎడిటరు తెరవగానే నిన్నటి కార్డే వచ్చింది, తప్పుది. పైన శ్రీరస్తు నీలంగా ఉంది. ముహూర్తం వాక్యం నీలం. వారం పేరు నీలం. మధ్యలో 'కీ.శే. అబ్బులు గారి' అన్నది నల్లగా ఉంది.

దగ్గరికి వంగి చూశాను. నల్లగానే ఉంది.

అప్పుడు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అసర్ నమాజు వేళ దాటింది, నోరు ఎండిపోయింది. ఆంజనేయులు పేర్లు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. పిల్ల తాత పేరు అబ్బులు అన్నాడు. ఆ కీ నొక్కితే పెట్టె వచ్చి అడుగుతుంది కదా. దాంతో అడిగించుకోవడం ఇష్టం లేక చేత్తో కొట్టేశాను. తాతల పేర్ల ముందు నా చెయ్యి ఎప్పుడూ ఆ రెండక్షరాలే కొడుతుంది. బస్సుకి టైమైందని ఆంజనేయులు లేచాడు. ఇఫ్తార్‌కి టైమైందని నేనూ లేచాను. రాత్రి కార్డు పంపించేముందు అఫ్రీన్ అడిగింది, "పార్టీకి చదివి వినిపించారా మావయ్యా?" అని.

"ఆఁ" అన్నాను.

నిన్న షాపులో ఆ పిల్ల తెర వైపు చూసినప్పుడు ఈ నలుపు చూసే ఉంటుంది.

చుక్క మెనూ తెరిచాను. మూడే ఉన్నాయి అందులో. 'అక్షరాలు పెద్దవి', 'మావయ్య కొట్టినవి సరిచూడు', 'చదివి వినిపించు'. రెండోది నొక్కాను. నేను ఈ సీజనులో కొట్టిన పాత కార్డు ఒకటి వచ్చింది. అందులో నేను వదిలేసిన ఒత్తులు, రెండుసార్లు పడిన మాటలు ఒక్కొక్కటే వెలిగి సర్దుకున్నాయి. చాలా ఉన్నాయి. అవేవీ నా కంటికి కనిపించి ఉండలేదు. మూడోది నొక్కాను. కంప్యూటరులోంచి ఒక ఆడగొంతు, కొంచెం ముక్కుతో, ఆ కార్డు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. చివరిదాకా కూర్చుని విన్నాను. 

ఇంటికి వచ్చేసరికి అఫ్రీన్ కొత్త కార్డుల పెట్టె కట్టి గుమ్మం దగ్గర పెట్టింది.

"నాగాయలంక నేనూ వస్తాను" అన్నాను.

అవనిగడ్డ బస్సు చల్లపల్లి దాటింది. కిటికీ పక్క కూర్చుని ఆ పిల్ల తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

"నల్లగా ఉంది" అన్నాను చివరికి.

తస్బీ ఆపింది. "చూశారా?"

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"పార్టీ ముందు ఏం చెప్పను మావయ్యా?"

"ఇంటికొచ్చాకైనా?"

"ఇంటికొచ్చాక చెప్తే మీరు షాపుకి రావడం మానేస్తారేమో అనుకున్నాను."

మోపిదేవి దగ్గర సగం బస్సు ఖాళీ అయింది.

"ప్రసాద్‌తో ఏం మాట్లాడావు?"

"మీ చేతిలో ఏయే అక్షరాలు జారతాయో అడిగాను. రెండేళ్లుగా ప్రసాద్ అన్నే సరిచేస్తున్నాడంట, మీకు తెలియకుండా. మీతో చెప్పలేక, చెప్పకుండా ఉండలేక వెళ్లిపోయానన్నాడు. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. వెళ్దామా మావయ్యా, పండగయ్యాక?"

"ముందు ఈ పని కానీ" అన్నాను.

అబ్బులు గారి ఇల్లు ఊరి చివర, పడవల రేవుకి వెళ్లే దారిలో ఉంది. అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. ఆంజనేయులు బయటికొచ్చి నిలబడ్డాడు. లోపల తలుపు చాటున పెళ్లికూతురు కాబోలు, కళ్లు వాచి ఉన్నాయి.

"రండి. నన్ను పంపించేసింది తమరేనా?" అన్నాడు అబ్బులు.

"నేనేనండీ."

"మావోడు కంప్యూటరు అన్నాడే. కంప్యూటరు పేరు చెప్పుకుని ముదినేపల్లి ఎల్లి నిలబడమంటాడు. మనిషి చేసిన పని మనిషొచ్చి చెప్పాలిగానీ, మిషను చచ్చిపోయాడంది, మిషను బతికాడంది అని నేను ఊళ్లెంట తిరగాలా?"

రోజాలో ఉన్నాను. తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం.

"కంప్యూటరు కాదండీ. అది అడగాలనే చూసింది. నేనే అడగనివ్వలేదు. ఆ మాట నా చేత్తో కొట్టాను. మీ అబ్బాయికి చదివి వినిపించలేదు. వినిపించానని మా కోడలికి చెప్పాను. నిన్న మీ అబ్బాయి ముందు తప్పు ఈ పిల్ల మీదకి నెట్టాను."

ఆంజనేయులు అఫ్రీన్ వైపు చూసి తల దించుకున్నాడు. అబ్బులు వల పక్కన పెట్టాడు.

"సరే. మరి నేను పోయానని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. తాతలంటే మామూలుగా పోయే ఉంటారు కదా అని."

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆంజనేయులు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"అదీ నిజమేలే. నా ఈడోళ్లు ఈ రేవులో ఇంకెవడున్నాడు" అని నోరు తుడుచుకున్నాడు. "ఒరే ఆంజనేయులూ, నా తెల్ల చొక్కా తియ్యమను. కారు పిలు. ఈయన్నీ, కోడల్నీ కూడా ఎక్కించు. శవాన్ని ఒక్కదాన్నే పంపితే బాగోదు."

తలుపు చాటున పిల్ల ఏడుస్తూ నవ్వింది.

ముదినేపల్లిలో పెళ్లికొడుకు వాళ్ల పెద్దలు మొదట అబ్బులు గారి చెయ్యి పట్టుకుని చూశారు. తరవాత నన్ను అడిగారు. నాగాయలంకలో చెప్పిందే మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఒకాయన, "ముసల్మానులాయన రోజాలో ఉండి అబద్ధమాడతాడా" అన్నాడు. ఆడాను కాబట్టే ఇక్కడికి వచ్చానని అనలేకపోయాను. అబ్బులు మాత్రం పీట వేయించుకుని రెండుసార్లు కూర వేయించుకున్నాడు. "పోయినోడికి ఆకలెక్కువ" అంటూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు. తాంబూలాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త కార్డుల్లో మొదటిది వాళ్ల దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి గుడివాడ వచ్చి బందరు బస్సెక్కేసరికి పొద్దు వాలిపోయింది. ఇంటికి వెళ్లి రోజా విప్పే వీలు లేదని అఫ్రీన్ స్టాండులో అరటిపళ్లు, నీళ్ల సీసా కొని ఒళ్లో పెట్టుకుంది. గుడ్లవల్లేరులో బస్సు ఆగితే కాలేజీ పిల్లలు ఒక్కసారిగా ఎక్కారు. భుజాలకి బ్యాగులు, ఒకటే మాటలు. అఫ్రీన్ కూడా ఇక్కడే చదివింది. కిటికీలోంచి ఆ కాలేజీ గేటు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఫోన్‌లో అజాన్ వినిపించింది. ఇద్దరం దువా చదువుకుని నీళ్లు తాగాం. పండు ఒలిచి నాకిచ్చింది.

"అఫ్రీన్."

"చెప్పండి మావయ్యా."

"పెళ్లై వచ్చిన కొత్తల్లో నువ్వొక మాట అడిగావు. నేను జవాబివ్వలేదు."

"ఏ మాట?"

"షాపులో కూర్చోవచ్చా అని."

నా వైపు తిరిగింది. "కూర్చుంటూనే ఉన్నాను కదా."

"అది అవసరమొచ్చి. నేను చెప్పింది కాదు."

"సీజను వరకు అన్నారుగా."

"అన్నాను."

బస్సు కౌతవరం దాటి పెడన వైపు తిరిగింది. నిలబడ్డ పిల్లల్లో ఒకమ్మాయి తూలి మా సీటు పట్టుకుంది. అఫ్రీన్ జరిగి ఆమె బ్యాగు అందుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"అయితే ఇప్పుడు చెప్పండి" అంది, బ్యాగు మీద చేతులు ఆనించి.

"కూర్చో" అన్నాను.